గొడుగు పిల్ల

ప్రూఫుల్లో గొడుగు పిల్ల మళ్ళీ మాయమైంది.

రచయితకి ఒళ్ళు మండింది. ఇంత లావు నవల్లో ఆ పిల్లకి ఉన్నవే ఆరు వాక్యాలు. వాన పడుతుంటే బస్టాండులో నాయకుడి పక్కన బెంచీ మీద కూర్చుంటుంది. అతని చేతిలో పత్రికవాళ్ళు తిప్పి పంపిన కథ ఉంటుంది. ఇక జన్మలో కలం పట్టకూడదని ఒట్టు పెట్టుకుని ఉంటాడు. పిల్ల తన కొత్త గొడుగు అతని పక్కన పెట్టి బస్సెక్కి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎక్కడా కనిపించదు.

సంపాదకురాలు ఆ ఆరు వాక్యాలూ కొట్టేయడం, ఈయన మళ్ళీ రాసి పంపడం, చిత్తుప్రతి నాటి నుంచీ ఇదే భాగోతం.

ఆయనకి చిన్న పాత్రలంటే ప్రాణం. నాయకుడి సంగతి నాయకుడు చూసుకుంటాడు, వాడి వెనక కథంతా ఉంది. ఒక్క పేజీలో వచ్చి, ఇన్ని మంచినీళ్ళిచ్చి, దారి చూపించి పోయేవాళ్ళకి ఎవరున్నారని దొరికిన ప్రతి సభలోనూ ఊదరగొట్టేవాడు. ఎవరి పుస్తకం చదివినా ముందు వాళ్ళనే వెతుక్కునేవాడు. అందులో పావువంతు శ్రద్ధ వంటింట్లో కారుతున్న కుళాయి మీద పెట్టినా బాగుండునని ఆయన భార్య అనేది.

ప్రూఫులు చంకన పెట్టుకుని ప్రచురణ సంస్థకి వెళ్ళాడు.

సంపాదకురాలు చండశాసనురాలు. ఎండాకాలంలో కూడా గొడుగు తెచ్చుకుని, దాని తాడు కుర్చీ చేతికి ముడేసి మరీ పనిలో కూర్చుంటుందని ఆఫీసులో చాటుగా నవ్వుకునేవారు. ఆవిడ ఖాతరు చేసేది కాదు.

“మళ్ళీ ఎందుకు తీసేశారు మేడం?” అన్నాడు రచయిత.

“నమ్మబుద్ధి కావట్లేదండీ. కొత్త గొడుగని మీరే రాశారు. ముక్కూ మొహం తెలియనివాడికి ఇచ్చేసి వెళితే, ఆ పిల్లని ఇంట్లో ఊరికే వదిలేస్తారా?”

పాత గొడుగని మారుస్తానన్నాడు. వద్దంది. పిల్లని ముసలావిడని చేస్తానన్నాడు. అదీ వద్దంది. మిగతా చిన్న పాత్రలన్నీ తనకీ నచ్చాయట. ఈ పిల్ల మంచితనం దగ్గరకొచ్చేసరికి మాత్రం చదవలేకపోతోందట. ఆ మాటతో ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఆ పిల్ల లేకపోతే నా నవల నాకిచ్చేయండి.”

ఆవిడ కలానికి మూత పెట్టింది. ఆరు వాక్యాల కోసం ఇన్నేళ్ళ కష్టాన్ని బూడిదలో పోసుకుంటారా అని మెల్లగానే అడిగింది.

అప్పుడు చెప్పాడాయన, కట్టుకున్న భార్యకి కూడా చెప్పని సంగతి. అది కల్పన కాదు. ఆ బెంచీ మీద కూర్చున్నది తనే. కథ కాగితాలు వాననీళ్ళలో పారేసి ఇంటికి పోదామని లేచాడు. పక్కన చూస్తే చీటీ కూడా ఊడని పచ్చ గొడుగు. బస్సు అప్పటికే మలుపు తిరిగింది. తన రాతలు తడవకూడదని ఈ లోకంలో ఒక్కరికైనా అనిపించింది కదా అని అక్కడే నిలబడి ఏడ్చాడు. ఆ గొడుగు కిందే కథని ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పటిదాకా రాసిందంతా ఆ పిల్ల పెట్టిన భిక్షే. ఆవిడ ఎక్కడున్నా, ఆ ఆరు వాక్యాలూ ఎప్పటికైనా ఆవిడ కంట పడాలని ఆయన ఆశ.



సంపాదకురాలు కుర్చీకి ముడేసిన తాడు విప్పింది, మళ్ళీ ముడేసింది.

“ఆ గొడుగు ఇంకా ఉందా?” అని అడిగింది చివరికి.

లేకేం, తన బల్ల పక్కనే ఉందన్నాడు. ఏం రాయడం మొదలుపెట్టినా ముందు దానికి దణ్ణం పెట్టుకుంటానన్నాడు.

“అయితే రేపు పట్టుకొచ్చి ఇచ్చేయండి,” అంది ఆవిడ, “బస్సు కదిలిపోతోందన్న కంగారులో మర్చిపోయానే గానీ నేను దాన్ని మీకివ్వలేదు, ఆ సాయంత్రం మా అమ్మ నా వీపు విమానం మోత మోగించింది.”