కాకికిచ్చిన మాట

పిండాన్ని కాకి ముట్టడం లేదు.

సముద్రపొడ్డున అరిటాకులో పిండం పెట్టి, సాయిశంకర్ చేతులు జోడించి నిలబడి చాలాసేపయింది. నెత్తి మాడిపోతోంది. కాకులకేం కొదవ లేదు, గోడ మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి. ఒక్కటీ దిగదు. కాకి ముట్టలేదంటే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయినట్టే, అది తీరుస్తామని మాటిస్తే గాని రాదు. పోయింది సాయిశంకర్ నాన్న రమణమూర్తి. బతికుండగా కూడా ఆయన ఓ పట్టాన దేనికీ ఒప్పుకునే రకం కాదు.

అమ్మను బాగా చూసుకుంటానన్నాడు సాయిశంకర్. కాకులు కదల్లేదు. చెల్లెలికి ఏ లోటూ రానివ్వనన్నాడు. ఒక కాకి ముక్కు గీరుకుంది. గుట్కా మానేస్తానన్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ. రెండు కాకులు అటు తిరిగి కూర్చున్నాయి. సీతమ్మధారలో ఇంకో కార్యం ఉందని పంతులుగారు మళ్ళీ గుర్తు చేశారు. సాయిశంకర్‌కి నిజంగానే భయం పట్టుకుంది. కన్నతండ్రి ఆకలితోనే వెళ్ళిపోతాడా?

చెల్లెలి మొగుడు దొరబాబు దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు. "బావ, ఆ దోని సంగతి సెప్పి సూడు."

వన్ టౌన్‌లో వాళ్ళది పెంకుటిల్లు. పెంకుల మీద పడ్డ వాననీళ్ళు పట్టి సందులోకి పంపడానికి చూరు పొడుగునా రేకు దోనె ఉంది. ఏటా వానలకి ముందు దాన్ని శుభ్రం చేయరా అని రమణమూర్తి పోరు పెట్టేవాడు. ఆకులు అడ్డం పడితే నీళ్ళు వెనక్కి తన్ని పెంకుల కిందికి దిగుతాయి, వాసాలు నానిపోతాయి, నానిన వాసం చెప్పి కూలదు అని రోజూ ఒకటే పాట. షిఫ్టు దిగాక చూద్దాంలే అనేవాడు కొడుకు. షిఫ్టులు దిగుతూనే ఉన్నాయి. ఇప్పుడు అమ్మ పోతమ్మ మంచం పైనున్న వాసం వేలితో నొక్కితే దిగబడుతోంది.

సాయిశంకర్ దండం పెట్టాడు. "నాన్నా, ఇయ్యాళే దోని శుభ్రం సేసెత్తాను. అమ్మ తోడు."

గోడ మీంచి ఒక కాకి దిగింది. పిండంలోంచి పెద్ద ముద్ద కరుచుకుని వన్ టౌన్ వైపే ఎగిరిపోయింది. అందరూ గొల్లుమన్నారు. పంతులుగారు చెప్పులేసుకున్నారు.

ఈసారి వాయిదా వేసే ధైర్యం లేకపోయింది. ఆకాశం కూడా నల్లబడుతోంది. ఇంటికి రాగానే సాయిశంకర్ తడిపంచెతోనే చూరుకి నిచ్చెన వేశాడు. దొరబాబు కింద పట్టుకున్నాడు.

దోనె మూల, కుళ్ళిన ఆకుల గుట్ట మీద, పుల్లల గూడు. అందులో ఇంకా కళ్ళు విప్పని కాకిపిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. గూటి అంచున కూర్చున్న పెద్ద కాకి వాటి నోళ్ళలో నువ్వులంటిన మెతుకులు కుక్కుతోంది. సాయిశంకర్‌ని చూసి కూడా బెదరలేదు. పైన ఉరిమింది. ఎత్తిన చీపురు ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఏట్రా, ఎక్కి అలాగ సూత్తన్నావు? దోనిలో ఏటుంది?" అంది పోతమ్మ వాకిట్లోంచి.

సాయిశంకర్ చీపురు కిందికి జారవిడిచాడు.

"అమ్మా, నాన్న పిల్లలకి బువ్వ పెడతన్నాడు."