నార్వే తుమ్ము

చీమల పరిశోధక సంఘం ప్రపంచ సభ మా హాల్లో జరుగుతోంది. ఎనిమిది దేశాల పండితులు ఎక్కడివాళ్ళక్కడే ఉండి, వెలుగుబొమ్మలై మా చాప మీద కూర్చున్నారు. కార్యదర్శి మా కోడలు హైమవతి. గడువుకు మిగిలిన ఐదు నిమిషాల్లో తను రాసిన ఒప్పందానికి అందరూ సరేననకపోతే ఆమె మూడేళ్ళ శ్రమ వృథా. సరిగ్గా అప్పుడే నార్వే ఆయన తుమ్మాడు.

"ఆగండి! ఒంటి తుమ్ము," అంది మా ఆవిడ.

"అత్తయ్యా, ఆయన తుమ్మింది నార్వేలో!"

"వినబడింది మనింట్లోనేగా?"

దేవుడి లెక్కలో అది ఏ ఊరి తుమ్మో నాకూ తెలియలేదు. రెండోసారి తుమ్మితే దోషం పోతుందని కోడలు బతిమాలితే, ఆయన మిరియాలపొడి పీల్చి తుమ్మాడు. సంఘీభావంగా జపాను ఆవిడా తుమ్మింది. మళ్ళీ బేసి!

అర నిమిషమే మిగిలింది. కోడలి కళ్ళల్లో నీళ్ళు చూసి, మా ఆవిడ ముక్కులో కొంగు దూర్చుకుని గట్టిగా తుమ్మింది.

"ఊఁ, ఇక కానివ్వండి నాయనా!"