తేరిన నీళ్లు

అత్త బిందె మీద మూత తీసి మురిసిపోయింది. నిన్న సాయంత్రం కాలువ నుంచి తెచ్చినప్పుడు ఎర్రటి బురదగా ఉన్న నీళ్లు, ఇప్పుడు అడుగున సొట్ట కూడా కనిపించేంత తేటగా ఉన్నాయి.

"నీళ్లు తేరడానికి మునగ గింజల పొడి కలపడం ఇన్నాళ్లకి వంటబట్టిందే నీకు!" అంటూ గ్లాసు ముంచుకుంది.

"మధ్యలో నాదేముంది అత్తయ్యా, అంతా మీ చేతి చలవ," అంది కోడలు అంట్లు తోముతూ. "ఎప్పుడూ ముక్కు మూసుకుని తాగే మీ మనవరాలు, ఇవాళ వడగట్టకుండానే రెండు గ్లాసులు గటగటా తాగి బడికెళ్లింది."

"నా చేతి చలవేంటే? నిన్న నడుం పట్టేసి నేను మంచం దిగితేగా! కలిపింది నువ్వు కాదూ?"

"నేనా? మీరే కలిపారనుకుని ఊరుకున్నాను."

ఇద్దరూ చేట వైపు చూశారు. మునగ గింజలు పొట్టు కూడా తీయకుండా, ఎండబెట్టినవి ఎండబెట్టినట్టే ఉన్నాయి. పక్కన రోలు కడిగింది కడిగినట్టే ఉంది.

అత్త నోటిదాకా తెచ్చిన గ్లాసు కింద పెట్టి బిందెలోకి వంగింది. రోజూ వడగట్టేటప్పుడు గుడ్డలో గిలగిలలాడే సన్నటి పురుగులు, ఆ సొట్ట చుట్టూ కుప్పగా పడి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

"పాప ఎన్ని గ్లాసులు తాగిందన్నావే?"