వల దగ్గర చెప్పని నొప్పి

మైపాడు ఒడ్డున అలివి వల తాడు లాగుతున్న పోలేరయ్య దగ్గరికి ఆ ముసలాయన మళ్ళీ వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని.

"ఎట్టుంది పోలేరయ్యా? హెర్నియా ఆపరేషన్ అయిన చోట నొప్పేమన్నా ఉందా?"

"ఏం లేదు సార్. బాగుండా."

అబద్ధం. తాడు బిగిసినప్పుడల్లా గజ్జల్లో ప్రాణం పోతోంది. కానీ వల నీళ్ళలో ఉన్నంతసేపూ చెడ్డమాట అనకూడదు, అంటే చేప రాదని వాళ్ళ నమ్మకం. పైగా నొప్పి అన్నవాణ్ణి తాడు పట్టనివ్వరు. తాడు పట్టనివాడికి పడిన చేపల్లో పాలు లేదు.

"నిజం చెప్పయ్యా. పేగు జారకుండా లోపల నీకేసి కుట్టింది కొత్తరకం జాలీ. దేశమంతా ఇట్టాంటి ఆపరేషన్లు అయినోళ్ళ మంచీచెడ్డా ఒకచోట చేరుస్తా ఉండారు. ఏ జాలీ పనికిరాదో మీరు చెబితేనే తెలిసేది."

"చెప్పినా గదా సార్."

"ఎవురు సార్ మీరు? వల కాడికొచ్చి ప్రాణాలు తోడేస్తా ఉండారు," పోలేరయ్య తమ్ముడు ముత్యాలయ్య విసుక్కున్నాడు.

"ఆస్పత్రి నుంచి వస్తా ఉండా నాయనా."

ఫోన్లో ఏదో కొట్టుకుని, ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ ముసలాయన బస్సుకు వెళ్ళిపోయాడు.

"పనీపాటా లేనోడు," అన్నాడు ముత్యాలయ్య.

పోలేరయ్యకు నవ్వే ఓపిక కూడా లేదు.

ఎండాకాలం వచ్చేసరికి ముత్యాలయ్యకూ హెర్నియా అన్నారు. నెల్లూరులో అదే ఆస్పత్రి. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద పోలేరయ్య కూర్చోలేక కూర్చున్నాడు. తాడు పట్టడం ఈమధ్యే మానేశాడు.

"నీ నొప్పి సంగతి ఇక్కడన్నా చెప్పరాదా?" అంది భార్య రోజా.

"ఆ ముసలాయన కనబడితే చెప్తా. పాపం, ఎన్నిసార్లు తిరిగినాడో. ఆయన్ని తల్చుకుంటే సిగ్గేస్తా ఉంది."

తలుపు తెరుచుకుంది. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు బయటికొచ్చి, గోడకు ఆనుకుని, మాస్కు కిందికి లాగాడు.

ఆ ముసలాయనే.

పోలేరయ్య లేవబోయి పొత్తికడుపు పట్టుకున్నాడు.

"మీరు... డాక్టరా సార్?"

"నీకు చేసింది కూడా నేనేనయ్యా. ఆ మాట చెబితే మొహమాటానికి బాగుందంటావని చెప్పలా." ఆయన గొంతులో అలసట. "దిగులు పడబాక. నీకు బాగుందన్నావు గదా, మీ తమ్ముడికీ ఆ జాలీనే వేసినా."