కంపెనీ గొంతు

"ఒసే హేమా, మనోడి ఫోను ఎవుర్తో ఎత్తిందే. ఒడియాలో మాటాడతన్నాది" అంటూ తాయారు వీధిలోకే వచ్చేసింది.

హేమ కుళాయి దగ్గర బిందె వదిలేసి పరుగున వచ్చి అత్తగారి చేతిలోంచి ఫోను లాక్కుంది. అప్పటికే నీళ్లకొచ్చినవాళ్లంతా ఇటు తిరిగారు. తాయారు కొడుకు, హేమ మొగుడు అప్పలసూరి లారీ తీసుకుని ఒరిస్సా వైపు సాలూరు ఘాట్ రోడ్డు ఎక్కితే చాలు, ఆమెకి కాలు ఒకచోట నిలవదు. ఫోనులో పచ్చ బటను నొక్కడం ఒక్కటే వచ్చు. అదే పనిగా నొక్కుతుంది.

"మెల్లిగా సెప్పత్తా. ఏటన్నాదది?"

"నాకేటి తెలుసు? నువ్వెవుర్తివే, ఫోను మా గుంటడికియ్యే అని తిట్టినాను. ఎన్ని తిట్టినా దానికి సీమ కుట్టినట్టు నేదు. ఆకరికి పెట్టేసింది."

హేమ గతుక్కుమంది. అంతలోనే ఏదో తట్టి నవ్వేసింది.

"తిట్టినా కోపం రానేదా? అయితే అది మనిషి కాదత్తా, ఫోను కంపెనీ గొంతు. లారీ ఒరిస్సాలోకి ఎల్తే ఫోను ఎత్తడం నేదని ఆ మిషనే ఒడియాలో సెప్తాది."

"మరి ఊపిరి తీసినట్టు ఇనిపించింది గదే."

"అలాగే తయారుసేస్తారు" అంది హేమ, కాస్త తొందరగా.

పక్కింటి ధనలక్ష్మి బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోకుండా ఇటే చూస్తోంది. ఆ చూపుకి హేమకి ఒళ్లంతా మంటగా ఉంది. రేపు వీధి వీధంతా ఇదే మాట. ఇప్పుడే తేల్చేయాలి.

"రండి, అందరూ ఇనండి" అని మళ్లీ నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. రింగు చాలాసేపు మోగింది.

"ఒరే సూరీ" అంది తాయారు ఫోను మీదకి వంగి.

అవతల నుంచి మెత్తగా ఒడియాలో ఏవో నాలుగు మాటలు వచ్చి ఆగాయి.

హేమ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇన్నారా? ఇప్పుడిదే ముక్క ఇంగ్లీషులో సెప్తాది, సూడండి."

అందరూ చెవులు రిక్కించారు.

ఇంగ్లీషు రాలేదు. తడబడుతూ తెలుగు వచ్చింది.

"సూరి నిద్దరోతన్నాడు. లేపమంటావా, అత్తా?"