లాయమా? బయలా?

తొమ్మిది రోజులుగా ఫరోల్ గడ్డి ముట్టలేదు.

తొమ్మిది రోజులుగా హసింతో, ఒబ్దూలియా దంపతులు పోట్లాట ఆపలేదు. ఆ ఇంట్లో నోరు కట్టేసుకున్నది గుర్రం ఒక్కటే.

"లాయంలో పెట్టి చంపుతున్నావు. గుర్రానికి బయలు కావాలి," అన్నాడు హసింతో.

"ఇరవై నాలుగేళ్ల ముసలిది. నడిచలికాలం, ఈ జూలై మంచులో బయలా? కావాలంటే నువ్వెళ్లి పడుకో బయట. దానికి లాయమే న్యాయం," అంది ఒబ్దూలియా.

తన పెళ్లినాటి ఉన్ని దుప్పటి తెచ్చి గుర్రం వీపున కప్పింది. ముప్పై ఏళ్ల కాపురంలో హసింతోకు ఆ దుప్పటి అంచైనా దక్కలేదు.

ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే ఫరోల్ పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే అంత అరుపులు.

సరిగ్గా అప్పుడే కంచె దాటి ఒక ముసలాయన నడుచుకుంటూ వచ్చాడు.

దక్షిణ అమెరికా కొసనున్న ఆ పటగోనియాలో నడిచొచ్చేవాడంటే గుర్రం లేనివాడు. గుర్రం లేనివాడంటే ఎవరికీ లెక్కలేనివాడు.

ఆయన సంచి దించాడు. లోపల ఏదో 'టంగ్' మంది.

లాయంలో ఫరోల్ చెవులు నిక్కించింది. తొమ్మిది రోజుల తరవాత మొదటిసారి సకిలించింది.

గుర్రం సకిలిస్తే హసింతో ఇకిలించాడు. "ఏం పెద్దాయనా, సంచిలో గిన్నెలా? మా ఇంట్లో వంటకు చేరతారా?"

"గిన్నెలే అనుకో బాబూ. చలిగా ఉంది, కాస్త వేడి మాతే కషాయం ఇప్పిస్తావా?"

ఒబ్దూలియా ఇచ్చింది. పొద్దుటి నుంచి అదే ఆకు మీద వేడినీళ్లు పోసి పోసి, సారమంతా పోయిన మాతే. "మీరిక దయచేయండి" అని నోటితో అనలేనప్పుడు ఆ ఊళ్లలో అలా అంటారు.

ఆయనకూ తెలుసు ఆ మాట. అయినా గొట్టంతో చివరిదాకా పీల్చి, "సంతోషం తల్లీ, చాలు," అన్నాడు.

అని, తిన్నగా లాయంలోకి నడిచాడు.

పళ్లు చూశాడు. కళ్లు చూశాడు. గిట్టలెత్తి చూశాడు. దుప్పటి కింద చెయ్యిపెట్టి చూశాడు. తొడ మీద కాల్చిన ముద్ర ఒక్కటే చూడలేదు.

"అదీ చూడండి," అన్నాడు హసింతో. "అరచంద్రుడు, కింద మూడు చుక్కలు. ఎవరి ముద్రో ఇప్పటికీ తెలియదు. ఇరవై ఏళ్ల కిందట సంతలో దళారి దగ్గర కొన్నాం. అసలాయనకు ఏదో కష్టం వచ్చి మందనంతా అమ్మేశాడట."

"ఎవరో పాపం," అన్నాడు ముసలాయన.

తరవాత అడిగాడు. "మీ మంద పెద్దతల్లి ఏదీ?"

దంపతులిద్దరూ మొదటిసారి కలిసి ఒకేవైపు చూశారు, కంచె పక్కన మంచు కప్పిన దిబ్బకేసి.

అక్కడ ప్రతి మందకూ మెడలో గంట కట్టిన ఆడగుర్రం ఒకటి ఉంటుంది. అదే పెద్దతల్లి. గంట ఎటు మోగితే మంద అటు.

"రెండు వారాల కిందటే పోయింది," అంది ఒబ్దూలియా. "గంటతోనే పాతిపెట్టాం. ఇంకోదానికి కట్టబుద్ధి కాలేదు."

"అయితే దీని బాధ చలి కాదమ్మా. ఎవరి వెనక నడవాలో తెలియక నిలబడిపోయింది. తలుపు తియ్యి."

"చూశావా! బయలే అన్నాడు!" ఎగిరాడు హసింతో.

ఒబ్దూలియా తలుపుకు అడ్డం నిలబడింది. "దీనికేమైనా అయితే?"

"నా తోలు ఒలిచి దీనికి కప్పు తల్లీ."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూ అడ్డం నిలబడటం కష్టం. పక్కకు జరిగింది.

ముసలాయన దుప్పటి తీసేశాడు. సంచిలోంచి మకిలిపట్టిన ఇత్తడి గంట తీసి, బయట మందలో ఉన్న ఒక తెల్ల ఆడగుర్రం మెడకు కట్టాడు.

టంగ్.

ఫరోల్ వచ్చింది. నడిచి కాదు, పరుగెత్తి! ఇరవై నాలుగేళ్ల ముసలిది మంచులో గంతులేసింది.

గంట కట్టి గంట కాలేదు, గిట్టతో మంచు తవ్వి అడుగున ఉన్న గడ్డి కరకరా నమలడం మొదలుపెట్టింది.

"అయ్యో, వీపంతా మంచు!" అరిచింది ఒబ్దూలియా.

"కరిగిందా?" అడిగాడు ముసలాయన.

"లేదు."

"ఒంట్లో వేడి ఒంట్లోనే ఉందన్నమాట. దానికి పుట్టుకతో వచ్చిన దుప్పటి ఉందమ్మా. నీది ఇంకెవరికైనా కప్పు."

ఆమె హసింతో భుజాల మీద కప్పింది. "గుర్రానికి అక్కర్లేదట. గాడిదకైనా పనికొస్తుంది."

హసింతో ఆ దుప్పటిలోనే చిందేశాడు. ఒబ్దూలియాను కూడా లాగాడు. తొమ్మిది రోజుల పోట్లాట ఆ మంచులో జారి పడింది, వాళ్లిద్దరితో పాటు.

లేచి దులుపుకుంటూ ఒబ్దూలియా అంది. "మాతేలో కొత్త ఆకు వేస్తాను. గొర్రెపిల్ల మాంసం నిప్పుల మీద పెట్టు. పెద్దాయనా, కూర్చోండి!"

పెద్దాయన లేడు.

బల్ల మీద రొట్టెలో ఒక ముక్క తక్కువైంది. అడుగుల గుర్తులు అప్పుడే మంచుతో పూడిపోతున్నాయి.

హసింతో ఇంకో గుర్రానికి జీను వేసి రోడ్డు మలుపుదాకా దౌడు తీశాడు. ఒక్కడే తిరిగొచ్చాడు.

"గంట మరిచిపోయాడే పాపం. ఎప్పటికైనా వస్తాడు, తీసి దాచుదాం," అన్నాడు.

ముడి విప్పబోతూ, గంట మీది మంచునూ మకిలినీ బొటనవేలితో తుడిచాడు.

అరచంద్రుడు, కింద మూడు చుక్కలు.

హసింతో విప్పబోయిన ముడిని మళ్లీ గట్టిగా బిగించాడు. ఇరవై ఏళ్ల కిందట మందనంతా అమ్మేసినా ఆ ఒక్క గంటను దాచుకున్న మనిషి, అది ఇవాళ ఒకప్పటి తన గుర్రం కోసమే ఇచ్చేసి, రొట్టెముక్కతో నడిచి వెళ్లిపోయాడు.