మగ్గాలరేవు దారి

"మెయిన్ రోడ్డు మీద ఏముంటది అనురాధా? లారీలు, పొగ. అడ్డదారిల పోతెనే అసలు సముద్రం కనవడ్తది."

అంటూనే భాస్కర్ కారును మళ్లీ పక్కదారిలోకి తిప్పాడు.

అనురాధ మొగుణ్ణి వింతగా చూసింది. సిరిసిల్లలో పొద్దున లేస్తే సాంచాలు, పడుకుంటే సాంచాలు. ఆ కరెంటు మగ్గాలు తప్ప లోకం తెలియని మనిషి. ఊరవతల కొత్త షెడ్డు వేశాక ఇంటికి నిద్రకే వస్తున్నాడు. అలాంటివాడు విశాఖ గాలి తగలగానే కవి అయిపోయాడు!

ఆమెకు కావలసింది సముద్రం కాదు, చీర.

మొన్న కోరుట్లలో ఆడపడుచు కృపారాణి కొత్త చీర కొంగు తెచ్చి మొహం ముందు ఆడించింది. "వదినె, గిది మగ్గాలరేవు చేతిమగ్గం. మీ సాంచాల గుడ్డ గాదు, పట్టి చూడు."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అనురాధ తండ్రి పెంటయ్య చేతిమగ్గం మీద నేసి నేసి చూపు పోగొట్టుకున్న మనిషి. "మనుమరాలికి సాంచ చీర కట్టియ్యకు బిడ్డా" అని చెప్పి మరీ కన్నుమూశాడు. ఇప్పుడు కూతురు వర్షకు జగిత్యాల సంబంధం కుదిరింది. వచ్చే వారమే ఎంగేజ్‌మెంట్. ఆ ఒక్క మాట నిలబెట్టకపోతే తండ్రి ఫొటోకు దండం పెట్టే మొహం కూడా ఉండదు.

భాస్కర్ కాదనలేదు. విశాఖ పక్కన సముద్రపు ఒడ్డునున్న మగ్గాలరేవుకే బయల్దేరాడు. కానీ దారే కుదరడం లేదు.

ఫోన్‌లో దారి చూపే ఆడగొంతు 'కుడివైపు తిరగండి' అని మొత్తుకుంటుంటే ఆయన ఎడమకు తిరిగాడు. ఉప్పుమడులు వచ్చాయి. ఇంకో సందులో దూరితే ఎండుచేపలు ఎదురయ్యాయి. అనురాధ కొంగుతో ముక్కు మూసుకుంది. మరో రోడ్డు నేరుగా వెళ్లి నీళ్లలో కలిసింది.

"దారి తప్పితె తప్పినం, సముద్రమైతె దొరికింది గద!" అన్నాడు భాస్కర్. ఆ తర్వాత ఫోన్ గొంతు కూడా నొక్కేశాడు.

అనురాధకు చిర్రెత్తింది. "చీరకు పైసలు పెట్టాలెనని భయపడ్తున్నవా? నా గాజులమ్మైన కొంట!"

"ఛ, గట్లెందుకంటవ్? నీకన్న ఎక్కువనా?"

ఇంకో రెండు అడ్డదారులు తిరిగాక కారు ఏదో ఊళ్లో తేలింది. అనురాధ అద్దం దించి, తలమీద గంప పెట్టుకుని పోతున్న ఆమెను అడిగింది.

"అక్కా, మగ్గాలరేవు ఎటు పోవాలె?"

"ఇదేనమ్మా మగ్గాలరేవు!"

భాస్కర్ మొహం వాడిపోయింది. ఊళ్లో ఉన్న ఒక్క చీరల దుకాణం ముందు కారు ఆపి, "నా తలకాయ పలుగుతున్నది, నువ్వు పోయి రా" అన్నాడు. సీటు వెనక్కి వాల్చి మొహం మీద తువ్వాల కప్పుకున్నాడు.

దుకాణం ముందుగదిలో ఓ ముసలాయన చేతిమగ్గం నేస్తున్నాడు. ఆ చప్పుడుకే అనురాధ కళ్లలో నీళ్లు తిరిగాయి. యజమాని చీరలు పరిచాడు. ఆమె కళ్లు మూసుకుని ఒక్కొక్క అంచూ తడుముతూ పోయింది. నెమలికంఠం రంగు చీర దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"గిదీ! అచ్చం మా బాపు చెయ్యి లెక్కనే ఉన్నది. సాంచ గుడ్డకు పాణముండదయ్యా. నేతోళ్ల బిడ్డను, నన్నెవ్వలు మోసం చెయ్యలేరు."

"మీలాంటి తెలిసినవాళ్లు రావడమే మా అదృష్టమండీ" అని యజమాని వినయంగా వంగాడు.

అనురాధ బేరమాడలేదు. తండ్రి నేసిన గుడ్డకు బేరమేమిటి? చీరను గుండెకు హత్తుకుని ఏడ్చేసింది. వర్షకు ఫోన్ చేసి, "తాత మాట నిలవెట్టిన బిడ్డా!" అని చెప్పింది.

అంత మంచి గిరాకీని ఊరికే పంపడం ఇష్టంలేక యజమాని స్వయంగా సంచి పట్టుకుని కారు దాకా వచ్చాడు. అనురాధ తలుపు తీసింది. సముద్రపు గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. భాస్కర్ మొహం మీది తువ్వాల ఎగిరి పక్కసీట్లో పడింది.

యజమాని మొహం వెలిగిపోయింది.

"అరెరె, భాస్కర్‌గారూ, కారులో దాక్కున్నారేంటండీ, కొత్త షెడ్డులో నేసి పంపారే, ఈ నెమలికంఠం చీరలు అయిపోవచ్చాయి, ఇంకో లోడు ఎప్పుడు దింపుతారు?"